పెట్టుటకై పుట్టిన మాట

మెట్ట ప్రాంతపు రైతు తన బోరుబావిమీద బిగించిన మోటారును, దానితో జోడించిన పంపును కలిపి ‘పంపుసెట్టు’ అనును. పెండ్లికూతురికై కొనిన హారమును, కమ్మలను, గాజులను ఒక్క పెట్టెలో అమర్చి యిచ్చు నగల వర్తకుడు వానిని ‘సెట్టు’ అనును. ఇంటికప్పు పోసిన తాపీమేస్త్రి మరునాటి యుదయమున దానిమీద అడుగు మోపి చూచి, ‘సెట్టయింది, ఇక నీళ్ళు కట్టండి’ అనును. చలనచిత్ర నిర్మాత చిత్రీకరణము కొరకు కట్టించి, పని ముగియగానే విప్పించివేయు కొయ్య ప్రాకారమును ‘సెట్టు’ అనును. పెండ్లిచూపులకు పోయివచ్చిన యువకుడు మిత్రునితో, ‘సెట్ అయ్యేలా లేదురా’ అనును. వీరిలో ఏ యొక్కరును ఇంగ్లీషు వ్యాకరణమును ముందిడుకొని యీ మాటను పలుకుటలేదు. అది వారి నాలుకకు తెలుగు మాటయే. అయినను, నీటిని తోడు యంత్రమునకు, మెడలోని నగలకు, గట్టిపడిన స్లాబునకు, కొయ్య కోటకు, కుదురని సంబంధమునకు ఒకే మాట యెట్లు చాలినదని ప్రశ్నించుకొన్నవారికి, భాష యను మహావ్యవస్థ యొక్క లోపలి పని కొంత కానవచ్చును.

రోమను లిపిలో ఆ మాటకు మూడే యక్షరములు. 1989లో ఇరువది సంపుటములుగా వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండవ కూర్పునందు, ‘సెట్’ అను పదము క్రియగా వర్తించు తావులకే 430 అర్థములు చూపబడినవి. వాని వివరణకు సుమారు 60,000 మాటలు వ్యయమైనవి. ఒక చిన్న నవలకు పట్టు గ్రంథము ఒక్క క్రియకు పట్టినదన్నమాట. పొడవైనవియు, గంభీరమైనవియు, శాస్త్రములనుండి దిగివచ్చినవియునగు పదములు ఒకటి రెండర్థములతో తృప్తిపడి యుండగా, పసిబిడ్డ తల్లి యొడిలో నేర్చు చిన్నమాటలే యింత భారమును మోయుటకు కారణమేమి? అనేకార్థత యనునది భాషకు పట్టిన మకిల యని తలచు తార్కికులు లేకపోలేదు. ఒక మాటకు ఒకే యర్థముండవలెనని కోరుకొన్న తత్త్వవేత్తలును కలరు. ఆ కోరిక నెరవేరియున్నచో భాష నిరుపేదయై యుండెడిదని నా విశ్వాసము. మాటకు అర్థములు పెరుగుట దానిని జనులు నమ్మి పని యప్పగించినందువలననే. ‘సెట్’ యొక్క చరిత్ర యంతయు అందులకు సాక్ష్యము.

ఇనుపరేకుల గదిలో

1857లో లండను నగరమందలి ఫిలలాజికల్ సొసైటీ సభ్యులు, అంతవరకు వెలువడిన నిఘంటువులలో ఇంగ్లీషు మాటలు సమగ్రముగా నమోదు కాలేదని గుర్తించి, ప్రతి పదము యొక్క జీవితమును పుట్టుకనుండి నేటివరకు తేదీల క్రమమున చూపగల నిఘంటువు నొకదానిని — పైని పేర్కొన్న ఆక్స్‌ఫర్డ్ నిఘంటువునే — తలపెట్టిరి. ఆ తలపు ఇరువదేండ్లకు పైగా తడబడుచు నడచి, 1879లో జేమ్స్ మర్రే అను స్కాట్లండు దేశీయుని చేతికి వచ్చెను. ఆయన మిల్ హిల్ అను చోట ఉపాధ్యాయుడు. బడి ఆవరణమునందే ఇనుపరేకులతో ఒక గది కట్టించి, గోడల పొడవున వెయ్యికి పైగా గూళ్ళు అమర్పించి, దేశదేశములనుండి పాఠకులు వ్రాసి పంపిన చీటీలను ఆ గూళ్ళలో సర్దించెను. పిమ్మట ఆక్స్‌ఫర్డునకు కాపురము మార్చినపుడు ఇంటి తోటలో అట్టి గదినే మరల కట్టించెను. ఒక్కొక్క చీటీమీద ఒక్క మాట, అది కనబడిన గ్రంథము, రచయిత, సంవత్సరము, పుట, దానిని ప్రయోగించిన వాక్యము ఉండును. ఆ చీటీలను అకారాది క్రమమున వేరుచేయు పనిలో మర్రే బిడ్డలు సైతము కూర్చుండి, చిల్లర డబ్బులు సంపాదించుకొనెడివారు.

నిఘంటుకారుడు అర్థములను తన బుద్ధినుండి పుట్టించునని సామాన్యముగా మనము తలంతుము. ఆ గదిలో జరిగిన పని అందులకు విపరీతము. ఒక మాటకు సంబంధించిన చీటీలన్నింటిని బల్లమీద పరచి, ఒకే తీరుగా వాడబడిన వానిని ఒక కట్టగా, కొంచెము భేదించిన వానిని వేరొక కట్టగా పేర్చి, ప్రతి కట్టలోను మిక్కిలి పాతదానిని అడుగున నిలిపి, ఏ కట్టనుండి ఏ కట్ట మొలకెత్తినదో విచారించి, అటుపిమ్మటనే నిర్వచనము వ్రాసెడివారు. ప్రయోగము ముందు, అర్థము వెనుక. అరుదైన మాటకు పది చీటీలుండును. ఒక పూటలో పని తీరును. ‘సెట్’ వంటి మాటకు కట్టలు బల్ల నిండి నేలమీదికి పరచుకొనును.

ఆ మాట గల భాగమునకు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ. ఈయన నాటింగ్‌హామ్ ప్రాంతపు రైతు కుమారుడు. షెఫీల్డు పట్టణమున కత్తులు చేయు సంస్థయందు ఇరువది యేండ్లపాటు గుమాస్తాగా లెక్కలు వ్రాయుచు, మిగిలిన వేళలలో భాషలన్నియు తనంతట తానే నేర్చుకొనినవాడు. 1884లో నిఘంటువు మొదటి భాగము వెలువడినపుడు ఆయన వ్రాసిన సమీక్షను చదివి మర్రే విస్మితుడై, క్రమముగా ఆయనను సహసంపాదకునిగా చేర్చుకొనెను. విశ్వవిద్యాలయపు మెట్లెక్కని గుమాస్తా యొకడు, ఇంగ్లీషు భాషలో అతి జటిలమైన క్రియలలో ఒకదాని యర్థములను విడదీసి చూపెనన్న సంగతి నాకు మిక్కిలి ప్రీతికరము. చదువునకు హద్దులు గీయువారు దీనిని తలచుకొనవలెను. మర్రే 1915లో కన్నుమూసెను. నిఘంటువు 1928లో పూర్తియైనది: 4,14,825 పదములు, 18,27,306 ఉదాహరణములు.

సదస్సులోని బంధువు

‘సెట్’ అను మాటకు మూలార్థము ‘కూర్చుండజేయు’ అని. ప్రాచీనాంగ్లమున ‘సిట్టన్’ అనగా కూర్చుండుట, ‘సెట్టన్’ అనగా కూర్చుండబెట్టుట. మొదటిది తాను చేయు పని, రెండవది యితరులచే చేయించు పని. వ్యాకరణ పరిభాషలో రెండవదానిని ప్రేరణార్థకమందురు. సంస్కృతము చదివినవారికి ఈ జంట క్రొత్త కాదు. ‘సద్’ ధాతువునకు ‘సీదతి’ అని కూర్చుండుటయందును, ‘సాదయతి’ అని కూర్చుండబెట్టుటయందును రూపములు కలవు. ఇంగ్లీషు ‘సెట్’, సంస్కృత ‘సాదయతి’ — ఈ రెండును ఒకే ప్రాచీన మాతృక కన్న తోబుట్టువులు. అచ్చు మారుటయు, ప్రత్యయము చేరుటయు రెండుచోట్లను ఒకే తీరు. కావున మనము నిత్యము పలుకు సదస్సు, పరిషత్తు, సభాసదుడు, ఉపనిషత్తు అను మాటలన్నియు, పంపుసెట్టులోని సెట్టునకు దూరపు చుట్టములే.

ఆ చుట్టరికము శబ్దముతో నిలిచిపోలేదు, నడవడియందును కలదు. ఉపసర్గ చేరినంతనే సంస్కృత ధాతువు తన యర్థమును విడిచి బలవంతముగా వేరొక యర్థమునకు కొనిపోబడునని మన వైయాకరణులు ప్రహార, ఆహార, సంహార, విహార శబ్దములను చూపి బోధింతురు. ‘సద్’ ధాతువును చూడుడు. ‘ప్ర’ చేరగా ప్రసాదము, ప్రసన్నత: కలకబారిన నీటిలోని మట్టి అడుగున కూర్చుండగా పైనీరు తేటపడును, అట్లే మనస్సును తేటపడును. ‘వి’ చేరగా విషాదము: మనస్సు క్రుంగి కూలబడును. ‘ఆ’ చేరగా ఆసన్నము: దగ్గరకు వచ్చి కూర్చున్నది. ఇంగ్లీషువారు ఉపసర్గను సామాన్యముగా ముందు గాక వెనుక తగిలింతురు. ఫలితము మాత్రము అట్టిదే. సెట్ ఔట్ అనగా బయలుదేరుట. సెట్ అప్ అనగా నెలకొల్పుట. సెట్ ఇన్ అనగా ప్రవేశించి స్థిరపడుట. సెట్ బ్యాక్ అనగా వెనుకకు నెట్టుట. కేరళ తీరమునకు జూన్ 1 ప్రాంతమున నైరృతి ఋతుపవనము తాకుటను వాతావరణ శాఖవారు ‘ఆన్‌సెట్’ అందురు. తొలకరికై ఎదురుచూచు మన రైతునకు ఆ మాట వినబడకున్నను, దాని ఫలమును అనుభవించువాడు అతడే.

సూర్యుని విషయములోను ఈ మాటయే వర్తించుట విచారింపదగినది. ఇంగ్లీషువాని సూర్యుడు సాయంకాలమున ‘సెట్’ అగును, అనగా దిగి ఆసీనుడగును. మన సూర్యుడు అస్తమించును. వేదభాషలో ‘అస్తము’ అనగా ఇల్లు. అస్తమునకు పోవుట యనగా ఇంటికి పోవుట. పగలంతయు తిరిగినవానికి ఒకజాతి వారు ఆసనము వేసిరి, వేరొకజాతి వారు ఇల్లు చూపిరి.

ఒక యర్థమునుండి వేరొకటి

అర్థములు ఎట్లు ఒకదానినుండి యొకటి పుట్టునో చూచుటకు ‘గట్టిపడుట’ యను భావముకంటె మంచి యుదాహరణము లేదు. ఉంచుట మొదటిది. ఉంచినది కదలక నిలుచును. కనుక స్థిరపడుట రెండవది. స్థిరపడిన ద్రవము పారజాలదు. కనుక పేరుకొనుట, గడ్డకట్టుట, బిగియుట మూడవది. ఇట్లు మూడడుగులలో, బల్లమీద పళ్ళెము పెట్టుటనుండి సిమెంటు బిగియుటవరకు మాట నడచి వచ్చినది. నిర్మాణశాస్త్రమున ఈ మాటకు గడియారము పెట్టి కొలుచు ఖచ్చితమైన యర్థము కలదు. మన దేశపు ప్రామాణిక నిర్దేశముల ప్రకారము సాధారణ పోర్ట్‌లాండు సిమెంటు నీటితో కలిసిన పిదప 30 నిమిషములలోపల బిగియుట మొదలుపెట్టరాదు. 600 నిమిషములు దాటకుండ బిగియుట పూర్తి కావలెను. కలిపిన మాలును గమేళాలతో మోసి, పోసి, చదును చేయుటకు కూలీలకు వ్యవధి కావలెను గదా. అందులకై సిమెంటు తయారీలోనే కొంత జిప్సమును చేర్చి, ఆ బిగింపును ఆలస్యము చేయుదురు. బిగియుట వేరు, బలము పుంజుకొనుట వేరు. రెండవదానికి వారములు పట్టును. పైన చెప్పిన మేస్త్రి ‘సెట్టయింది’ అన్న వెంటనే ‘నీళ్ళు కట్టండి’ అనుటలో ఈ రెండింటి భేదమును ఇమిడ్చియే మాటాడుచున్నాడు.

మన వంటింటిలో పాలు పెరుగగుటకును ఇంగ్లీషువారు ఈ క్రియనే వాడుదురు. మనము ‘తోడుకొనుట’ అందుము. అయితే దానికై గృహిణి రాత్రి చేయు పనిని ‘తోడు పెట్టుట’ అందుము. ఇక్కడను ‘పెట్టు’ ధాతువే ముందునకు వచ్చినదని పాఠకులు గుర్తుంచుకొనవలెను. దానితో మనకు తరువాత పని కలదు.

రత్నమును బంగారమున బిగించుట ‘సెట్’. కోడిని గ్రుడ్లమీద కూర్చుండజేయుటయు ‘సెట్’. రత్నశిల్పికిని కోళ్ళ పెంపకమునకును ఏమి సంబంధమని అడుగువారు మన ‘పొదుగు’ అను క్రియను స్మరింపవలెను: కంసాలి రవ్వలను పొదుగును, కోడి గ్రుడ్లను పొదుగును. ఇంగ్లీషు భాషతో ఏ నెత్తుటి బంధుత్వమును లేని ద్రావిడ భాష యొకటి, అవే రెండు పనులను ఒకే మాటలో చేర్చినది. ఇట్టి చోట్లనే అనేకార్థత కేవలము శబ్దముల యాదృచ్ఛిక సమ్మేళనము కాదని నాకు నిశ్చయము కలుగును. ఒక సున్నితమైన వస్తువును, దానిని కాపాడు మరొక వస్తువు ఒడిలో చేర్చుట యను చిత్రము రెండు జాతుల మనస్సులలోను ఒక్క తీరుగనే మెదలినది.

విరిగిన యెముకను దాని స్థానమున చేర్చుటయు ‘సెట్’. అట్టి వైద్యుని ఇంగ్లీషువారు ‘బోన్‌సెట్టర్’ అందురు. పుత్తూరు వైద్యులు తరతరములుగా చేయు పని యదియే. మనవారు ఎముకను చేర్చుటకంటె, చేర్చినదానిని కదలనీయక బిగించు కట్టునకే ప్రాధాన్యమిచ్చి ‘పుత్తూరు కట్టు’ అనిరి. అచ్చుకూటమున సీసపు అక్షరములను ఒక్కొక్కటిగా ఏరి వరుసలో పేర్చుటయు ‘సెట్’. అక్షరములను కూర్చు ఆ పనిని నమ్ముకొని మన పట్టణములలో ఎన్ని కుటుంబములో బ్రదికినవి. వేటలో పక్షి జాడ తగులగానే నేలకు వంగి కూర్చుండునట్టి కుక్కజాతికి ‘సెట్టర్’ అను పేరు వచ్చినది. టెన్నిసు క్రీడలో కనీసము ఆరు గేముల కూటమి ‘సెట్’. 2010లో వింబుల్డను మైదానమున ఇస్నర్, మహూ అను క్రీడాకారుల నడుమ చివరి సెట్టు 70–68 వరకు సాగి, అది యొక్కటే ఎనిమిది గంటలకు పైగా పట్టినది.

చలనచిత్రపు సెట్టును గూర్చి తెలుగువారికి చెప్పనక్కరలేదు. 1957 నాటి మాయాబజారులో మా. గోఖలే, కళాధర్ అను కళాదర్శకులు నిర్మించిన ద్వారకను, మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణమున చూచినవారు, అది కొయ్యయు రంగులును మాత్రమే యని యొప్పుకొనుటకు నేటికిని ఇష్టపడరు.

కూటమి యను రెండవ సెట్టు

ఇంతవరకు చెప్పినది క్రియను గూర్చి. సమూహము, జత, వరుస అను అర్థములలో మనము వాడు నామవాచకము — టీ సెట్టు, గాజుల సెట్టు, సెట్ దోసె మొదలైనవానిలోనిది — మరియొక వంశమునుండియు నెత్తురు పోసుకొనినదని పండితుల నిర్ణయము. లాటిను భాషలో ‘సెక్తా’ అనగా ఒక మార్గమును అనుసరించువారి గుంపు, ఒక మతశాఖ. అది ప్రాచీన ఫ్రెంచిలో ‘సెత్’ అయి, ఇంగ్లీషులో ప్రవేశించి, ముందునుండి యున్న ‘సెట్’ అను క్రియతో కలిసిపోయి, రెండును ఒకటే యన్న భ్రాంతి కలిగించినది. ఆ లాటిను మాటకు మూలమైన ధాతువు ‘అనుసరించు’ అని; దానికి సంస్కృత జ్ఞాతి ‘సచ్’, అనగా వెంట నుండుట. సచివుడును, సఖుడును ఆ ధాతువు బిడ్డలే. అనగా ఒక సెట్టు సదస్సునకు చుట్టము, మరియొక సెట్టు సఖునకు చుట్టము. పశ్చిమ ద్వీపమున ఆ రెండును ఒకే వేషమున కలిసికొనినవి. పరీక్షల పేరులలో మనకు తగులు ఐసెట్, ఒకప్పటి ఎంసెట్ అనునవి మాత్రము ఈ వంశమునకు చెందవు; అవి విడిమాటల తొలియక్షరముల కూడికలు.

ఈ కూటమి యర్థమునే గణితజ్ఞులు స్వీకరించిరి. జర్మనీలోని హాలే విశ్వవిద్యాలయమున గియోర్గ్ కాంటర్ 1874లో ప్రకటించిన వ్యాసముతో అనంతములలోను చిన్న పెద్దలు కలవన్న విచారము ఆరంభమైనది. సహజసంఖ్యలు అనంతములు; ఒక గీతమీది బిందువులును అనంతములే; అయినను రెండవ యనంతము మొదటిదానికంటె పెద్దదని ఆయన నిరూపించెను. ఆయన వాడిన జర్మను మాటకు ఇంగ్లీషువారు ‘సెట్’ అనియు, మన పాఠ్యగ్రంథకర్తలు ‘సమితి’ అనియు పేరిడిరి. సమితి యనగా కలిసి వచ్చుట. వేదకాలపు ప్రజాసభకును, ఐక్యరాజ్య సమితికిని ఆ పేరే. సభనుండి గణితమునకు మాటను తెచ్చుటలో మనవారు చూపిన యౌచిత్యమును పదవ తరగతి విద్యార్థికి ఉపాధ్యాయులు ఒక్కమారు చెప్పినచో, ఆ యధ్యాయము అతనికి మరువరానిదగును.

ఎదురెదురు అర్థములు

న్యాయస్థానములలో ఈ మాట తిరుగు తీరు వేరు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడు తొమ్మిదవ ఆర్డరు పదమూడవ రూలు ననుసరించి, తాను హాజరు కాని తరుణమున ఏకపక్షముగా వచ్చిన డిక్రీని రద్దు చేయుమని ప్రతివాది కోరవచ్చును. ‘సెట్ అసైడ్ పిటిషను వేశాము’ అని మన కక్షిదారులు చెప్పుకొనునది దానినే. అదే కోడు ఎనిమిదవ ఆర్డరు ఆరవ రూలులో ‘సెట్ ఆఫ్’ కలదు: వాది తనకు రావలసిన సొమ్మును కోరినపుడు, అతడు తిరిగి తనకీయవలసిన సొమ్మును అందులోనుండి తగ్గింపుమని ప్రతివాది వేడుకొనుట. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు 428వ సెక్షనులో, విచారణ కాలమున చెరలో గడపిన దినములను శిక్షనుండి మినహాయించుటయు ఆ పేరిటనే సాగినది. చిన్నమాట యొకటి మనుష్యుని స్వేచ్ఛను దినములలో కొలుచుచున్నది.

సెట్ అసైడ్ అనుదానిని కొంత నిలిచి చూడవలెను. కూతురి పెండ్లికై నెలనెలా కొంత సొమ్ము సెట్ అసైడ్ చేయుట యనగా భద్రపరచుట. క్రింది కోర్టు తీర్పును సెట్ అసైడ్ చేయుట యనగా లేకుండ చేయుట. ఒకటి ఆదరము, మరొకటి నిరాకరణము. ఇట్టి వైరుధ్యము ఇంగ్లీషు మాత్రమే చేయగలదనుకొందుమా? ‘పిల్ల పెళ్ళికి కాస్త డబ్బు పక్కన పెట్టాను’ అని తండ్రియు, ‘ఆ సంగతి పక్కన పెట్టండి’ అని సభాధ్యక్షుడును పలుకుదురు. పక్కకు పెట్టుట యను పని ఒక్కటే. పెట్టిన వస్తువుమీద పెట్టినవానికి గల ప్రేమయో వైముఖ్యమో అర్థమును రెండుగా చీల్చినది.

మరి ఇన్ని యర్థములున్నపుడు వినువాడు తప్పుదారి పట్టడేమి? ఈ ప్రశ్నకు సుమారు ఐదవ శతాబ్దమున భర్తృహరి వాక్యపదీయమున సమాధానము చెప్పియున్నాడు. అనేకార్థ శబ్దము యొక్క ఉద్దిష్టార్థమును నిర్ణయించుటకు సంయోగము, విప్రయోగము, సాహచర్యము, విరోధము, ప్రకరణము, మరియొక శబ్దము యొక్క సన్నిధి, ఔచిత్యము, దేశము, కాలము మొదలగువానిని సాధనములుగా ఆయన పేర్కొనెను. ‘హరి’ శబ్దమునకు విష్ణువు, సింహము, కోతి, కప్ప, చిలుక, సూర్యుడు అని యెన్నో యర్థములు. శంఖచక్రములు తోడుగా చెప్పబడినచో విష్ణువే. ‘సైంధవము’ తెమ్మని భోజనమువేళ యడిగినవానికి ఉప్పును, ప్రయాణమువేళ యడిగినవానికి గుర్రమును తేవలెనని మన పెద్దలు బాలురకు చెప్పిన పాఠము ప్రకరణమును గూర్చినదే. అమరకోశమున నానార్థవర్గమును ప్రత్యేకముగా కూర్చిన జాతి మనది. ఒకే పద్యమున రామకథయు భారతకథయు నడిపించిన పింగళి సూరన రాఘవపాండవీయమును కన్న సాహిత్యము మనది. అనేకార్థతను చూచి మనము బెదరనక్కరలేదు.

ఇరువదవ శతాబ్దమున యంత్రములచే అనువాదము చేయింపదలచినవారు ఈ ప్రశ్నయొద్దకే వచ్చి నిలిచిరి. 1949లో వారెన్ వీవర్ అను అమెరికా శాస్త్రవేత్త, యంత్రము ఒక మాటనే గాక దాని కిరుప్రక్కల నున్న కొన్ని మాటలను కూడ చూచినచో అర్థసందిగ్ధత తొలగవచ్చునని సూచించెను. భర్తృహరి చెప్పిన శబ్దాంతర సన్నిధికిని దీనికిని భేదము మిక్కిలి స్వల్పము. 1960లో బార్ హిల్లెల్ అను తార్కికుడు ‘పెన్’ అను మాటను తీసికొని, అది కలమో, బిడ్డలు ఆడుకొను చిన్న దడియో తెలియుటకు ప్రక్కమాటలు చాలవని, లోకజ్ఞానము కావలెనని వాదించెను. దానిని మన ఆలంకారికులు సామర్థ్యమనియు ఔచిత్యమనియు వ్యవహరించిరి.

అధికముగా వాడబడు మాటకే అధికార్థములుండునన్న సంగతిని జార్జ్ కింగ్‌స్లీ జిఫ్ 1945లో లెక్కగా తేల్చెను. ఒక మాట మరియొకదానికంటె తొమ్మిదిరెట్లు వాడుకలో నున్నచో, దాని యర్థములు సుమారు మూడురెట్లుండునన్నది ఆయన కనుగొన్న సూత్రము. వాడుక మారగా స్థానములును మారును. ఆక్స్‌ఫర్డ్ సంపాదకుడు పీటర్ గిలివర్ తొమ్మిది నెలలు శ్రమించి ‘రన్’ అను క్రియను సరిచూచి 645 అర్థములను తేల్చగా, 2011లో అర్థముల సంఖ్యలో ప్రథమస్థానము దానికి దక్కెను. రైలు, మోటారు, కర్మాగారము, కంప్యూటరు, ఎన్నికలలో నిలుచు అభ్యర్థి — ఇవన్నియు ఇంగ్లీషున ‘పరుగెత్తు’ వస్తువులే. ఉంచుటయు నిలుపుటయు ప్రధానముగా గల యుగము వెనుకబడి, కదలికయే ప్రధానమైన యుగము ముందునకు వచ్చినదని దీనినిబట్టి ఊహించుట తప్పు కాదనుకొందును.

మన ‘పెట్టు’

తెలుగున ఈ ప్రథమస్థానమునకు అర్హత గల మాట యేది? ‘పట్టు’, ‘పడు’, ‘కొట్టు’, ‘వేయు’ అను నాలుగింటికిని హక్కు కలదు గాని, నా తీర్పు ‘పెట్టు’ వైపే. అన్నము పెట్టుట, బొట్టు పెట్టుట, పేరు పెట్టుట, దండము పెట్టుట, ముద్దు పెట్టుట, మనసు పెట్టుట, పందెము పెట్టుట, ఆవకాయ పెట్టుట, గ్రుడ్డు పెట్టుట, నిప్పు పెట్టుట, కేకలు పెట్టుట, కన్నీరు పెట్టుట, కేసు పెట్టుట, తాకట్టు పెట్టుట, పొగ పెట్టుట, వేరు కాపురము పెట్టుట, పరుగు పెట్టుట. మరియొక క్రియకు తోడై నిలుచునపుడు దాని తీరు ఇంకను సున్నితము: ‘చేసిపెట్టు’ అన్నపుడు పరుల మేలు కోరుటయు, ‘దాచిపెట్టు’ అన్నపుడు భవిష్యత్తునకై జాగ్రత్తయు, ‘తగలబెట్టు’ అన్నపుడు వినాశనమును ఆ రెండక్షరములే సూచించును. పెట్టు అన్న మాటకు కర్మపదము చెప్పకున్నచో తెలుగువానికి తట్టునది అన్నమే. ‘ఆ తల్లి పెట్టేచేయి’ అనగా ఏమి పెట్టునని యెవరును అడుగరు. ఇంగ్లీషు ‘సెట్’ కూర్చుండబెట్టుటనుండి పుట్టి అందరి పనులకు పోయినట్లు, మన ‘పెట్టు’ ఉంచుటనుండి పుట్టి జీవితమంతటిని చుట్టివచ్చినది.

అయితే ‘సెట్’కు బ్రాడ్లీ చేసిన సేవ ‘పెట్టు’కు చేసినవారెవరు? సి.పి. బ్రౌను 1852లో తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువున జనుల పలుకుబడిని ఆదరించి చేర్చెను. బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో శబ్దరత్నాకరమును ప్రసాదించెను. పిఠాపురము మహారాజు పోషణమున, జయంతి రామయ్య పంతులు ఆధ్వర్యమున మొదలైన సూర్యరాయాంధ్ర నిఘంటువు కవిప్రయోగములకు పెన్నిధి. దానియందు గ్రామీణుని నోటి పలుకునకు దక్కిన చోటు మాత్రము స్వల్పము. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో వ్యవసాయ పదములతో ఆరంభించిన మాండలిక వృత్తిపదకోశము ఆ లోటును కొంత పూరించినది. ఒక మాట ఏ శతాబ్దమున ఏ యర్థమున మొదట కనబడినది, ఏ సీమలో ఏ మలుపు తిరిగినది అని తేదీలతో, ప్రయోగములతో చూపు పని మన విశ్వవిద్యాలయములు చేపట్టవలసియున్నది. శాసనములు అచ్చయినవి, కావ్యములు అచ్చయినవి, నూరేండ్ల పత్రికలు గ్రంథాలయములలో కలవు. చీటీలు వ్రాయుచేతులు కావలెను.

పాఠకులు ఆ పనికి తోడ్పడవచ్చును. మీ యింటి పెద్దలు, మీ వీథివారు, మీ వృత్తివారు ‘పెట్టు’ అను మాటను ఏయే తీరుల పలుకుదురో వినుడు; నిఘంటువున కానరాని ప్రయోగము తగిలినపుడు దానిని వాక్యముతో సహా వ్రాసి, తెలుగు శాఖ గల మీ సమీప కళాశాలకు అందజేయుడు. పలికినవారి వయస్సును, ఊరిని, వృత్తిని, సంవత్సరమును దానిమీద తప్పక వ్రాయుడు.